డేగ వరస, తుమ్మెద వరస

లోవా,

ముందుగా నా రాత చూసి నవ్వుకోకు. నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయని నాన్న అనేవాడు కదా, ఇప్పుడు అంతకన్నా పాడయ్యాయి. మన దిబ్బ మీది బడి నీళ్లలోకి పోయాక నేను పలక ముట్టుకోలేదు. ఇక్కడ చేత్తో రాసే పనే లేదు. ఏం కావాలన్నా ఫోనుకి చెబితే అదే రాస్తుంది, అదే చదివి వినిపిస్తుంది. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఏది దీర్ఘమో ఆగి ఆలోచించుకోవలసి వస్తోంది. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఫోనుకి చెప్పకూడని సంగతి కాబట్టి చేత్తో రాస్తున్నాను. దానికి చెప్పినవన్నీ కంపెనీకి వెళతాయి. ఈ కాయితాలు ఫోన్ల పెట్టెల్లో వచ్చినవే. ఒక పక్క ఫోను ఎలా వాడాలో అచ్చేసి ఉంటుంది, ఎవరూ చదవరు. రెండో పక్క ఖాళీ. పొయ్యి రాజేసుకోవడానికని అడిగి తెచ్చుకున్నాను. ఎండుచేపలమ్మే ఆవిడ బుట్ట అడుగున పెట్టి నీకు చేరుస్తానంది.

ఈ పై కాయితం ఆఖర్న రాశాను. కిందివి నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి, నీతో చెబుతున్నట్టుగా అప్పుడప్పుడు రాసి దాచుకున్నవి. అమావాస్య లోపు మన ఇంటికి ఒక పడవ వస్తుంది. మా ఎదురింటి అబ్బాయికి నిన్ను చేసుకుంటామని అడుగుతారు. అక్కాచెల్లెళ్లు ఎదురెదురుగా ఉంటారు కదా అని అమ్మ సంతోషపడుతుంది. వాళ్లకి ఔనని చెప్పే ముందు ఇవన్నీ చదువు.

*ఆదివారం*

పొద్దున్నే మేడెక్కి, ఫోన్లకి కరెంటిచ్చే ఎండ పలకలు తుడిచాను. సముద్రం గాలికి తెల్లారేసరికి వాటి మీద ఉప్పు పొర కట్టేస్తుంది. తుడవకపోతే మధ్యాహ్నానికి ఇంట్లో ఫోన్లన్నీ పాలకేడ్చే పిల్లల్లా కుయ్యోమంటాయి. మా ఇంట్లో మనుషులం అత్తయ్య, మీ బావ, నేను. ఫోన్లు మాత్రం గదికొకటి ఉన్నాయి.

మా వైపు ఇళ్లన్నీ డేగ ఫోన్ల కంపెనీ ఇచ్చినవి. ఎదుటి వైపువి తుమ్మెద ఫోన్ల కంపెనీవి. అద్దె లేదు. కింద స్తంభాలు గట్టివి, పోటు వచ్చినా నీళ్లు గడప దాకా రావు. మనం చెయ్యాల్సిందల్లా ఆ ఫోను చేతిలో పెట్టుకుని బతకడం, సాయంత్రం కొళాయి దగ్గర దాని తరఫున పోట్లాడటం.

వీధి మొత్తానికి కొళాయి ఒకటే. రెండు కంపెనీలూ తలుచుకుంటే ఇంటికొకటి పెట్టించగలవు. పెట్టించవు. కొళాయి పక్క స్తంభానికి ఒక కన్ను బిగించి ఉంది. ఎత్తు ఊళ్లలో జనం భోజనాలు చేస్తూ ఆ కన్నులోంచి మమ్మల్ని చూస్తారు. ఎవరి మాట నచ్చితే వారి వరసకి మొగ్గు చూపిస్తారు. మొగ్గు వచ్చిన వరస ముందు బిందెలు పెట్టుకుంటుంది. ఆ వరస ఫోన్లే ఎక్కువ అమ్ముడవుతాయట. బోర్డుల్నీ పాటల్నీ సినిమావాళ్ల మాటల్నీ జనం నమ్మడం మానేశాక దీన్ని కనిపెట్టారని మీ బావ చెప్పాడు. పక్కింటి ఆడవాళ్లు పోట్లాడుకుంటుంటే మాత్రం ఎవరైనా ఆగి వింటారు కదా.

ఇంటికొక ఆడమనిషి పోట్లాడాలి. ఆవిడని ఇంటి నోరు అంటారు. మా ఇంటి నోరు అత్తయ్య. ఆవిడ పేరు వీరవేణి. ఎదురింటి నోరు దయామణి. మొగ్గు రావడం మానేసిన ఇంటిని సామాన్లతో సహా పడవెక్కించి మళ్లీ దిబ్బల మీదికి పంపేస్తారు.

ఈ సాయంత్రం నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

"మీ డేగ కోసెడు దూరంలో పడవ మీద పేరు చదువుద్దంటగా వీరవేణీ," అంది దయామణి. "మరి నీ పొయ్యి మీద కూర మాడతంటే చదవలేదేం?"

"కూర మాడితే ముక్కు చెప్పుద్ది, ఫోనెందుకు," అంది అత్తయ్య. "మీ తుమ్మెదకి ఒకసారి చార్జింగు పెడితే రోజులకి రోజులు నిలుత్తాదని ఊరంతా చాటుకుంటావు. నిలవదా మరి. ఎండలోకి తీత్తే తెర నల్లబడిపోద్ది. పని చేత్తే గదా అరిగేది."

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అప్పుడు దయామణి బిందె చంక మార్చుకుని, నింపాదిగా అంది. "నీ డేగకి మధ్యాన్నానికే ప్రాణం పోద్ది. మీ ఆయన కాలవలో పడిపోయిన రోజున కబురందుకోడానిక్కూడా అది బతికి లేదు."

మామయ్య పూడిక తీసే పనిలో పోయాడని మనకి తెలుసు. ఫోను ఆగిపోయి ఉందన్న సంగతి నాకు తెలీదు. అత్తయ్య ఏదో అనబోయి దగ్గింది. మొగ్గు ఎదుటి వరసకి వెళ్లింది. మాకు నీళ్లు చీకటి పడ్డాక వచ్చాయి.

*గురువారం*

అత్తయ్యా దయామణీ ఒకే దిబ్బ నుంచి ఒకే పడవలో వచ్చారట. మీ బావ చిన్నప్పుడు దయామణి వాళ్లింట్లోనే అన్నం తినేవాడట. మొదట్లో పొద్దున మేడల మీద బట్టలారేస్తూ సైగలు చేసుకునేవారట, సాయంత్రం ఎవరు ఏం తిట్టాలో ముందే అనుకునేవారట. ఎదుటి వరసతో నవ్వుతూ కనబడితే రెండిళ్లూ ఖాళీ చెయ్యాలని కంపెనీవాళ్లు ఒక నియమం పెట్టారు. సైగలు మానేశారు. తర్వాత తిట్లే మిగిలాయి.

నిజానికి ఏ ఫోను మంచిదని నువ్వడిగితే నాకు తెలిసింది చెబుతాను. డేగ చూపు బాగుంటుంది. వాన మబ్బుని ముందే చూసి చెబుతుంది, బియ్యంలో రాయిని కూడా చూపిస్తుంది. కానీ మధ్యాహ్నం దాకానే ఉంటుంది. తుమ్మెద నిలుస్తుంది, దాన్ని పట్టుకున్న మనిషి గొంతూ వేలూ అన్నీ గుర్తుపెట్టుకుంటుంది, మెత్తగా మాట్లాడుతుంది. కానీ బయట వెలుగులో దాని తెర కనపడదు. చేపలావిడ దగ్గర పాతది ఉంటే చూశాను. రెంటిలో ఏది లేకపోయినా మన దిబ్బ మీద మనం బతికాం.

నా డేగకి నా మాట వినబడదు. ఏదడిగినా "కొంచెం గట్టిగా చెప్పండి" అంటుంది. మీ బావకి అది వినడం సరదా. "దానిక్కూడా సిగ్గుపడతన్నావేంటే," అంటాడు.

*మంగళవారం, వాన*

అత్తయ్య గొంతు పూర్తిగా పోయింది. పొద్దున నన్ను పిలవబోతే గాలి మాత్రమే వచ్చింది. ఫోనులో డాక్టరు గొంతు లోపల చూపించమని, చూసి, కాయలాంటిది లేచిందన్నాడు. వానాకాలం వెళ్లేదాకా ఒక్క మాట మాట్లాడకూడదట. మాట్లాడితే ఇక ఎప్పటికీ గొంతు రాదట.

డేగ కంపెనీ సూపర్‌వైజరు ఫణీంద్రగారు వచ్చారు. అత్తయ్య పాత తిట్లన్నీ ఫోనులో ఉన్నాయి కదా, ఆ గొంతుతో ఫోనునే తిట్టమనొచ్చు కదా అని మీ బావ అడిగాడు. జనం కనిపెట్టేస్తారని, మనిషికి నిజంగా కోపం రావాలని ఆయన అన్నారు. తర్వాత నా వైపు చూశారు. "కోడలుంది కదా," అన్నారు.

నేను తలుపు వెనక్కి వెళ్లిపోయాను. ఆయన వెళ్లాక మీ బావ వచ్చి బతిమాలాడు. దిబ్బల మీదికి వెళితే అత్తయ్యకి మందు కూడా దొరకదన్నాడు. "నాలుగు మాటలను చాలు రత్నం. నిజంగా తిట్టక్కర్లేదు. ఊరికే అన్నట్టు అను," అన్నాడు.

అత్తయ్య నా చేతికి బిందె ఇచ్చింది. ఇచ్చినట్టు లేదు, విసిరినట్టుంది.

*బుధవారం*

నిలబడ్డాను. మాట రాలేదు. కన్ను నా వైపు తిరగడం కనిపించింది.

దయామణి నా చుట్టూ ఒకసారి తిరిగింది. "ఏవమ్మా, ఇది కొత్త మోడలా? మాటలు రావా దీనికి? వెనక్కిచ్చేయండి, ఇంకా పెట్టె పారేసుండరు," అంది. వీధంతా నవ్వింది. మా వరసవాళ్లు కూడా నవ్వారు. మా వరసకి నీళ్లు ఆలస్యమైతే తిట్టేది నన్నేనని నవ్వుతూనే చెప్పారు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య కంచం మీద గరిటెతో కొడుతూ కూర్చుంది. మాట్లాడకూడదు కాబట్టి ఆవిడ కోపమంతా గిన్నెల్లో వినబడుతోంది. నాకు అన్నం పెట్టలేదు. నేనే పెట్టుకున్నాను.

*శుక్రవారం*

ఫణీంద్రగారు చెవిలో పెట్టుకునే పూస ఇచ్చారు. అందులోంచి ఫోను ఏం చెబితే నేను అదే పైకి అనాలి. "డేగ కెమెరాలో ఆరు రకాల చూపులు కలవు. తుమ్మెదలో రెండే కలవు. మీ తుమ్మెద గుడ్డిది." నేను బళ్లో ఎక్కాలు చెప్పినట్టు చెప్పాను.

"కలవా?" అంది దయామణి. "ఇంకేం కలవు తల్లీ? మీ అత్తకి గొంతు కలదా?"

నా చెవిలో ఫోను తర్వాతి మాట చెబుతోంది. నాకు మాత్రం అత్తయ్య కిటికీ వెనక నిలబడి ఇదంతా వింటోందన్నదే ఆలోచన. పూస తీసి బిందెలో పడేశాను. ఫణీంద్రగారు తల పట్టుకున్నారు. ఇలాగే నడిస్తే నెలాఖరు పడవలో మా ఇంటి సామాను ఎక్కించాల్సి వస్తుందని వెళుతూ చెప్పారు. అది బెదిరింపులా చెప్పలేదు, పడవ వేళ చెప్పినట్టు చెప్పారు.

*శనివారం*

పొద్దున వంటింట్లో అత్తయ్య నా చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గర కూచోబెట్టింది. డాక్టరు వద్దన్నా మాట్లాడింది. చీర నేల మీద ఈడ్చినట్టుంది ఆవిడ గొంతు.

"ఫోన్ని తిడితే ఎవడూ చూడడే. ఫోను పట్టుకున్న చేతిని తిట్టు."

నేను అర్థం కానట్టు చూశాను.

"ఏ ఫోను మంచిదో ఎవడిక్కావాలి. కావాలంటే కొట్టుకెళ్లి చూసుకుంటారు. వాళ్లు చూసేది మనల్ని. దాన్నీ నన్నూ. రోజూ దాన్ని చూడు. పొద్దున్నించీ చూడు. ఎక్కడ నొప్పుందో అక్కడ ఫోను పెట్టి నొక్కు. అది ఏడిత్తే తుమ్మెద ఏడిచినట్టే."

నాకు అలాంటివి రావన్నాను. ఆవిడ నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వులో ప్రేమ లేదు. "నువ్వు మాట్లాడవు కాబట్టి అన్నీ చూత్తావు. నాకు తెలీదనుకున్నావా," అంది. తర్వాత గొంతు పట్టుకుని రోజంతా పడుకుంది.

*మంగళవారం*

ఇది రాయడానికి నా చెయ్యి ఆడటం లేదు, కానీ రాయకపోతే నీకు మిగిలింది అర్థం కాదు.

మేడ మీద పలకలు తుడుస్తూ మూడు నాలుగు పొద్దులు వాళ్ల గుమ్మం వైపు చూశాను. దయామణి కుడిచెయ్యి వణుకుతోంది. అన్నం కలుపుకోలేక చెంచాతో తింటోంది. తుమ్మెద ఫోను బొటనవేలు పెడితేనే తెరుచుకుంటుంది. ఆవిడ వేలు నిలవక అది తెరుచుకోవడం లేదు. కొళాయికి బయల్దేరే ముందు కొడుకు జయరాజు గుమ్మంలో నిలబడి, ఇంటివాళ్ల వేలు ఎవరిదైనా చాలు కాబట్టి, తన వేలితో తెరిచి ఆవిడ ఎడంచేతికి ఇస్తున్నాడు. కుడిచెయ్యి ఆవిడ పైటకింద దాచుకుంటోంది. ఇన్నాళ్లూ వీధిలో ఎవరూ గమనించలేదు.

ఈ సాయంత్రం ఆవిడ మాట మొదలెట్టకముందే నేను "పిన్నీ," అన్నాను. గొంతు పెంచలేదు. పెంచలేను కూడా. అందరూ వినడానికి ముందుకు వంగారు. "మీ తుమ్మెద ఒకసారి తెరిచి చూపిత్తారా?"

"ఎందుకే, కొనుక్కుంటావా?"

"ఆపి, మళ్లీ తెరవండి. మీ ఏలుతోనే. జయరాజు గుమ్మంలో తెరిచిచ్చాడు గదా, అలా కాదు."

దయామణి మొహం మారింది. పక్కనున్న తుమ్మెద వరస ఆడవాళ్లు, చూపించవే, దానికేం భయం అన్నారు. వాళ్లకి తెలీదు పాపం. ఆవిడ ఫోను ఆపింది. పైటకిందనుంచి చెయ్యి తీసింది. బొటనవేలు ఆనించింది. వేలు తెర మీద చేపపిల్లలా కొట్టుకుంది. మళ్లీ ఆనించింది. ఫోను మెత్తటి గొంతుతో, వీధంతా వినేలా అడిగింది. "క్షమించండి, మీరెవరో నాకు తెలియదు. మీరెవరో చెబుతారా?"

నేను అన్నాను. "మీ తుమ్మెద ఎవర్నీ మర్చిపోదంటారు గదా పిన్నీ. మిమ్మల్ని మర్చిపోయినట్టుంది."

అంతే. నాలుగే మాటలు అను చాలని మీ బావ అన్నాడు కదా, అంతకన్నా ఎక్కువేం అనలేదు. దయామణి బిందె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. మొగ్గంతా మా వైపు వచ్చింది. ఎన్నడూ అంత రాలేదట. మా వరసవాళ్లు నా బిందె వాళ్లే నింపి, ఇంటిదాకా వాళ్లే మోశారు.

*ఆదివారం*

ఎత్తు ఊళ్లలో నన్ను చిన్నగొంతు అంటున్నారట. డేగ కంపెనీవాళ్లు నా బొమ్మ వేసి, "ఎంత చిన్న గొంతయినా డేగ వింటుంది" అని రాయించారు. ఫణీంద్రగారు తెచ్చి చూపించారు. ఆ బొమ్మ మళ్లీ చూపించమని నా డేగతో చెప్పాను. "కొంచెం గట్టిగా చెప్పండి" అంది.

అత్తయ్య నాకు చేప తలకాయ వడ్డించింది. ఇన్నాళ్లూ అది మీ బావది.

నీకొక సంగతి చెప్పాలి, అమ్మకి చెప్పకు. బియ్యం కడుగుతూ నేను మాటలు కూర్చుకుంటున్నాను. ఒక మాట కుదిరితే పులుసులో ఉప్పు సరిపోయినట్టుంటుంది. మొన్న కొళాయి దగ్గర పాకుడు మీద దయామణి కాలు జారి మోకాలు కొట్టుకుంది. నేను లేవదియ్యలేదు. కన్ను ఉందని కాదు. నాకు సంతోషంగా ఉంది.

ఆవిడ లేచి నా మొహంలోకి చూసింది. "మీ అమ్మ నిన్ను మొగుడికివ్వలేదే, కొళాయికిచ్చింది," అంది. ఆ రోజు నుంచి ఆవిడ చావాలని నాకు అనిపిస్తోంది. ఊరికే అనడం కాదు లోవా. పొద్దున లేవగానే ఆ ఇంటి వైపు చూసి, ఇవాళ కూడా ఆవిడే తలుపు తీసిందా అని చూస్తున్నాను.

*సోమవారం*

వానలు తగ్గాయి. అత్తయ్య గొంతు వచ్చింది, కొంచెం గరుకుగా. బిందె తీసుకుని తనే కొళాయికి బయల్దేరింది. ఫణీంద్రగారు వీధి మధ్యలోనే ఆపేశారు. ఇప్పుడు జనం చిన్నగొంతునే అడుగుతున్నారని, మీరు విశ్రాంతి తీసుకోండి అమ్మా అని చెప్పారు. చాలా మర్యాదగా చెప్పారు.

అత్తయ్య తిరిగి వచ్చి బిందె నా కాళ్ల దగ్గర పెట్టింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడదు. అప్పుడు గొంతు లేక మాట్లాడలేదు, ఇప్పుడు గొంతు ఉండి మాట్లాడటం లేదు. మీ బావ మా ఇద్దరి మధ్యా కూర్చుని తిని లేచిపోతాడు. నాతో మాట్లాడేటప్పుడు మాటలు ఏరుకుంటున్నాడు. మొన్న అన్నం మాడిందనబోయి ఆగిపోయాడు. నేనంటే భయపడుతున్నాడు.

*గురువారం*

దయామణి వాళ్లకి మొగ్గు రావడం మానేసింది. తుమ్మెద కంపెనీవాళ్లు వేరే నోరు తెచ్చుకోమన్నారు, లేకపోతే పడవే. ఆవిడకి కూతుళ్లు లేరు. జయరాజుకి పెళ్లి చెయ్యాలి. ఎవరిని తేవాలో ఆవిడే చెప్పిందట. నీ పేరు చెప్పింది.

ఇవాళ ఫణీంద్రగారూ, తుమ్మెద సూపర్‌వైజరూ ఒకే పడవలో వచ్చారు. ఒకే ఫ్లాస్కులోంచి టీ తాగుతున్నారు. పొద్దస్తమానం మనం ఎవరి కోసం గొంతులు చించుకుంటామో వాళ్లకి అసలు గొడవే లేదు.

"రెండు కంపెనీలకీ నచ్చింది చెల్లెమ్మా," అన్నారు ఫణీంద్రగారు. "అక్క డేగ, చెల్లి తుమ్మెద. ఇంకా పెళ్లి మాట కాకముందే పై ఊళ్లలో అడుగుతున్నారు, ఎప్పుడు మొదలని."

"మా చెల్లికి పోట్లాట రాదండి," అన్నాను.

"నీకూ రాదన్నావు కదమ్మా," అన్నారాయన.

ఇంట్లో మీ బావకి చెప్పాను. ఒంటరిగా ఉన్నావు, చెల్లెలు కళ్లెదుట ఉంటుంది కదా అన్నాడు. "కొళాయి దగ్గర తిట్టుకోండి. మనసులో అక్కాచెల్లెళ్లుగా ఉండండి. ఎవరాపుతారు?"

"మీ అమ్మా ఆవిడా అలాగే మొదలెట్టారు గదండీ," అన్నాను.

అతను చెంబు తీసుకుని మేడెక్కిపోయాడు. అత్తయ్య పక్క గదిలోంచి విన్నది. తలుపు వేసేసుకుంది.

వాళ్లది చర్చి, మనది గుడి కదా, ఆ మాట మీదైనా ఆగుతుందేమో అనుకున్నాను. ఆగదు. ఎవరూ మతం అడగడం లేదు. ఏ ఫోనని అడుగుతున్నారు.

*శనివారం*

దయామణి నిన్నెందుకు కోరిందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. నేను ఆవిడ చేతిని చూశాను. ఆవిడ నా చేతిని చూసింది. నువ్వే నా చెయ్యి.

ఇంకొకటి చెబుతాను. నీ పేరు విన్నప్పటి నుంచి, నీ గురించి నాకు తెలిసినవన్నీ ఒకటొకటిగా గుర్తొస్తున్నాయి. గంజి వారుస్తుంటే ఒకటి, బట్టలు పిండుతుంటే ఒకటి. నువ్వు నాకొక్కదానికే చెప్పినవి, నాకు తప్ప ఎవరికీ తెలియనివి. ముందు ముద్దుగా గుర్తొచ్చాయి. తర్వాత ప్రతిదాన్నీ కొళాయి దగ్గర ఎలా అంటే నీకు తగులుతుందో కూడా వాటంతటవే కుదిరిపోతున్నాయి. నేను కూర్చడం లేదు, అవే కూర్చుకుంటున్నాయి. వాటిలో ఒకటి ఎంత బాగా కుదిరిందంటే, పైకి అని చూసుకున్నాను. వంటింట్లో ఎవరూ లేరు. అని, నవ్వుకున్నాను. అదేమిటో ఇక్కడ రాయను.

నీకూ నా గురించి తెలుసు. నువ్వు మంచిదానివే. నేనూ మంచిదాన్నేనని అమ్మ పదిమందికి చెప్పేది. దయామణి నిన్ను పొయ్యి దగ్గర కూచోబెట్టి నేర్పుతుంది. ఎవరిని చూడాలో, ఎక్కడ నొక్కాలో చెబుతుంది. మొదటి రోజు నువ్వు ఏడుస్తావు. నేను నిన్ను ఏడిపించి ఇంటికొచ్చి నేనూ ఏడుస్తాను. తర్వాత ఏడవడం తగ్గుతుంది. ఆ తర్వాత నీ మోకాలు చిట్లితే నాకు సంతోషంగా ఉంటుంది. అది నాకు వద్దు. అందుకే రాయడం.

వద్దని గట్టిగా చెప్పకు. గట్టిగా చెబితే ఇంకా ఇష్టపడతారు, కోపం ఉన్న పిల్ల అనుకుంటారు. మన దిబ్బకి మంచినీళ్ల పడవ కూడా ఆపుతారు. వాళ్లు నిన్ను చూడ్డానికి చిన్న కన్ను పట్టుకుని వస్తారు. డేగనీ తుమ్మెదనీ నీ ముందు పెట్టి, ఏది మంచిదమ్మా అని అడుగుతారు. అదే పరీక్ష. రెండూ బాగానే ఉన్నాయను. రెట్టించి అడుగుతారు, మీ అక్క తుమ్మెదని గుడ్డిదంది, నువ్వేమంటావంటారు. మా అక్కకి అలా కనబడిందేమో, నాకు రెండూ ఒకటే అను. నన్ను ఏదో ఒకటి అని రెచ్చగొడతారు, నేను నిన్ను తిట్టానని కూడా చెబుతారు. అది నిజమైనా నమ్మకు. నవ్వుతూ ఉండు. నాన్నని నీ పక్కనే కూర్చోమను, మధ్యలో లేచి చేపల సంగతి ఏదో మాట్లాడమను. కోపం రాని పిల్ల, రెండు ఫోన్లనీ ఒకటే అనే పిల్ల వాళ్లకి దేనికీ పనికిరాదు. వాళ్ల టీ వాళ్లు తాగి వెళ్లిపోతారు.

నువ్వు రాకపోతే దయామణి వాళ్లు పడవెక్కుతారు. ఎక్కనీ అని రాశాను, కొట్టేశాను, మళ్లీ అదే రాస్తున్నాను. వాళ్లు మన దిబ్బకే వస్తే అమ్మ ఆవిడకి చోటిస్తుంది. అన్నం కలిపి పెడుతుంది కూడా. నాకది తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది. చూశావా, నేను ఎలా అయ్యానో.

నా కోసం బెంగపడకు, నా మీద కోపం తెచ్చుకోకు. కోపం తెచ్చుకుంటే అదీ వాళ్లకే పనికొస్తుంది. చదవడం అయ్యాక ఇవన్నీ కాల్చెయ్యి. అమ్మకి చూపించొద్దు, చూరులో దాచొద్దు. పొయ్యిలో ఒక్కొక్కటిగా పెట్టి, బూడిదయ్యే దాకా దగ్గరుండు. నీళ్లలో మాత్రం పడెయ్యకు. మన దిబ్బ నీళ్లు పోటుకి మా వీధి దాకా వస్తాయి, ఈ ఫోను పెట్టెల కాయితం నీళ్లకి నానదు, మునగదు.

నూకరత్నం